కాపీ, కట్, పేస్ట్: మా క్లాసులో పదే పదే వచ్చే ప్రశ్నలు

కంప్యూటర్ క్లాసులో మొదటి వారం గడిచి, మౌస్ చేతికి కాస్త అలవాటయ్యాక, చాలామంది ఆగిపోయేది ఇక్కడే. డిగ్రీ పిల్లలు, రిటైరైన మాస్టార్లు, టైలరింగ్ షాపు బిల్లులు తనే కొట్టుకోవాలని వచ్చిన ఆవిడ... అందరూ అడిగేవి ఇంచుమించు ఒకటే. ఏటా బోర్డు మీద రాసి చెరిపే జవాబుల్ని ఈసారి ఒకచోట పెడుతున్నాను. ఇది విండోస్ కంప్యూటర్‌ని దృష్టిలో పెట్టుకుని రాసింది. మ్యాక్, ఫోన్ల సంగతి కింద కొంచెం ఉంది.

కాపీకీ కట్‌కీ తేడా ఏంటి?

కాపీ అంటే జిరాక్స్ తీయించడం. అసలు కాగితం మీ దగ్గరే ఉంటుంది, నకలు ఇంకోచోటికి వెళ్తుంది. కట్ అంటే నారు పీకి వేరే మడిలో నాటడం. ఇక్కడ ఉండదు, అక్కడ ఉంటుంది. పేస్ట్ ఈ రెండింటికీ ఆఖరి మెట్టు. జిరాక్స్‌ని గానీ నారుని గానీ కావలసిన చోట పెట్టడం. కంట్రోల్ మీట పట్టుకుని సి నొక్కితే కాపీ, ఎక్స్ నొక్కితే కట్, వి నొక్కితే పేస్ట్.

కాపీ నేను మొదటిరోజే చెప్తాను. కట్ మాత్రం మూడోరోజో నాలుగోరోజో గానీ చెప్పను. కాపీలో పొరపాటు జరిగితే ఒకటి ఎక్కువవుతుంది, కట్‌లో జరిగితే ఒకటి తక్కువవుతుంది. ఎక్కువైనదాన్ని తీసెయ్యడానికి ఒక్క డిలీట్ చాలు. పోయినదాన్ని వెతకడానికి సాయంత్రం దాకా పడుతుంది.

కాపీ కొట్టాను, స్క్రీన్ మీద ఏమీ జరగలేదు. చెడిపోయిందా?

లేదు. కాపీ చేసినప్పుడు చాలా ప్రోగ్రాముల్లో ఏమీ కనిపించదు. మీరు కాపీ చేసింది క్లిప్‌బోర్డ్ అనే చోట కూర్చుంది. అది కంప్యూటర్ జ్ఞాపకంలో తాత్కాలికంగా పెట్టుకునే జాగా. చేతిలో పట్టుకున్న వస్తువు అనుకోండి. చెయ్యి ఒకటే కాబట్టి ఒకసారికి ఒక్కటే పడుతుంది. ఇంకోటి కాపీ చేస్తే మొదటిది జారిపోతుంది, అదీ మీకు చెప్పకుండానే.

ఒకసారి కాపీ చేసినదాన్ని ఎన్నిసార్లైనా పేస్ట్ చేయొచ్చు. పేస్ట్ చేసినంత మాత్రాన చేతిలోది అయిపోదు. కంప్యూటర్ ఆపేస్తే మాత్రం ఖాళీ అయిపోతుంది.

కాపీ చేసింది ఒకటి, పేస్ట్ అవుతోంది ఇంకొకటి. ఎందుకు?

పదిమందిలో తొమ్మిదిమందికి తప్పు జరిగేది కాపీలోనూ కాదు, పేస్ట్‌లోనూ కాదు. సెలెక్ట్ చేయడంలో. ఏం కావాలో ముందు చూపించకుండా కంట్రోల్ + సి నొక్కితే, కంప్యూటర్ చాలాచోట్ల ఊరుకుంటుంది. చేతిలో పాతదే మిగిలి ఉంటుంది. పేస్ట్ కొడితే నిన్నటి అడ్రసో, ఎవరిదో ఫోన్ నంబరో వచ్చి పడుతుంది.

సెలెక్ట్ అయిందని ఎలా తెలుస్తుంది? అక్షరాల వెనక నీలమో బూడిదరంగో పరుచుకుంటుంది. ఆ రంగు కనబడ్డాకే కాపీ.

మౌస్ పట్టుకుని లాగడం అందరికీ కుదరదు. మా క్లాసుకొచ్చిన ఒక పెద్దాయనకి చెయ్యి కొంచెం వణుకుతుంది. పేరా చివరిదాకా లాక్కెళ్లి, తీరా వదిలేటప్పుడు వేలు కదిలి, పై లైన్లన్నీ కలిసిపోయేవి. మూడురోజులు విసుక్కున్నారు. ఆయనకి లాగడం మానిపించాను. మొదటి అక్షరం ముందు ఒక క్లిక్. చెయ్యి తీసేసి, కళ్లజోడు సర్దుకుని, తీరిగ్గా చివరి అక్షరం దగ్గరకి వెళ్లి షిఫ్ట్ నొక్కిపట్టి ఇంకో క్లిక్. మధ్యలో ఉన్నదంతా నీలం. అప్పట్నుంచి లాగేవాళ్లకంటే ఆయనే ముందు పూర్తిచేసేవారు.

ఇంకా సులువులున్నాయి. పదం మీద డబుల్ క్లిక్ కొడితే ఆ పదం మొత్తం సెలెక్ట్ అవుతుంది. వర్డ్‌లో మూడు క్లిక్కులు కొడితే పేరా అంతా వస్తుంది. షిఫ్ట్ పట్టుకుని బాణం గుర్తులు నొక్కితే కొంచెం కొంచెంగా పెరుగుతుంది, దానికి కంట్రోల్ కూడా కలిపితే పదం పదం చొప్పున దూకుతుంది. కంట్రోల్ + ఎ అంటే ఉన్నదంతా.

కంట్రోల్ + ఎ కొట్టాక నా ఫైల్ మొత్తం మాయమైపోయింది!

నీలంగా ఉన్నప్పుడు పొరపాటున స్పేస్‌బారో ఏదో అక్షరమో నొక్కి ఉంటారు. సెలెక్ట్ చేసినదాని మీద ఏది టైప్ చేసినా, పాతదంతా పోయి ఆ ఒక్కటి మిగులుతుంది. కంగారుపడి సేవ్ చేసి మూసేయకండి. కంట్రోల్ + జెడ్ నొక్కండి, వెనక్కి వచ్చేస్తుంది. ఈ పేజీలో ఒక్క మీటే గుర్తుపెట్టుకుంటామంటే, సి కాదు, వి కాదు, జెడ్ గుర్తుపెట్టుకోమంటాను.

కాపీకి సి సరే. పేస్ట్‌కి పి ఉండాలి కదా, వి ఎందుకు?

పి అప్పటికే ప్రింట్‌కి వెళ్లిపోయిందని పిల్లలు చెప్తుంటారు. అసలు సంగతి వేరు. కీబోర్డులో కింది వరసని ఎడమ నుంచి చూడండి. జెడ్, ఎక్స్, సి, వి. నాలుగూ పక్కపక్కనే. కుడిచెయ్యి మౌస్ మీద ఉండగానే ఎడమచేతికి అందుతాయి. ఎక్స్ కొట్టివేత గుర్తులా ఉంటుంది కాబట్టి కట్. ఇక వి... ప్రూఫులు దిద్దేవాళ్లు రెండు పదాల మధ్య ఏదైనా చేర్చడానికి హంసపాదం పెడతారు కదా, దాన్ని తిరగేసి చూడండి.

ఈ పద్ధతికి పేరు తెచ్చినాయన లారీ టెస్లర్. కాలిఫోర్నియాలోని జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో 1970ల నడుమ టిమ్ మాట్‌తో కలిసి జిప్సీ అనే ప్రోగ్రాం రాశారు. కట్, కాపీ, పేస్ట్ ఇప్పుడున్న తీరుకి దగ్గరగా వచ్చింది అందులోనే. తర్వాత ఆయన ఆపిల్‌కి వెళ్లారు. 1983లో వచ్చిన లీసా, 1984లో వచ్చిన మెకింటాష్ కంప్యూటర్లతో ఇది జనంలోకి వచ్చింది. టెస్లర్ 2020 ఫిబ్రవరిలో పోయారు. కట్, పేస్ట్ అన్న మాటలు మాత్రం కంప్యూటర్‌వి కావు. పత్రికాఫీసుల్లో కంపోజ్ చేసిన కాగితాన్ని కత్తెరతో నిజంగానే కత్తిరించి, జిగురు రాసి పేజీ మీద అతికించేవారు.

కట్ చేశాను, పేస్ట్ చేసేలోగా కరెంటు పోయింది. ఇప్పుడెలా?

ఏం కట్ చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది.

వర్డ్ లాంటి వాటిలో అక్షరాలు కట్ చేస్తే ఆ క్షణమే పేజీలోంచి పోతాయి, క్లిప్‌బోర్డ్‌లోనే ఉంటాయి. కరెంటు పోతే క్లిప్‌బోర్డ్ కూడా పోతుంది. కట్ చేశాక సేవ్ చేయలేదనుకోండి, పాత ఫైల్ తెరిస్తే ఆ పేరా ఎక్కడిదక్కడే ఉంటుంది. సేవ్ చేసి ఉంటే మాత్రం ఆ పేరా గల్లంతే.

ఫైల్‌ని గానీ ఫోల్డర్‌ని గానీ కట్ చేస్తే అలా కాదు. దాని బొమ్మ కాస్త వెలిసినట్టు అవుతుందంతే, ఎక్కడికీ పోదు. పేస్ట్ కొట్టేదాకా కదలదు. కరెంటు పోయినా, మీరు మనసు మార్చుకున్నా అది పాతచోటే ఉంటుంది. ఎక్సెల్ గడులూ అంతే. చుట్టూ చీమలబారులా గీతలు తిరుగుతుంటాయి, పేస్ట్ చేసేదాకా లోపలిది అక్కడే ఉంటుంది. వద్దనుకుంటే ఎస్కేప్ మీట.

పెన్‌డ్రైవ్‌లోకి కట్ చేయాలా, కాపీ చేయాలా?

కాపీ. ఎప్పుడూ కాపీయే. పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లాక అక్కడ ఒకసారి తెరిచి చూసుకోండి. తెరుచుకున్నాక, అవసరమనుకుంటే ఇక్కడిది డిలీట్ చేయండి. పని రెండింతలవుతుందని కొందరు గొణుగుతారు, గొణగనివ్వండి.

కారణం ఉంది. ఒకే డ్రైవ్‌లో ఈ ఫోల్డర్ నుంచి ఆ ఫోల్డర్‌కి కట్ చేస్తే ఫైల్ అసలు కదలదు, దాని అడ్రసు మారుతుందంతే. అందుకే సినిమా అంత ఫైలైనా రెప్పపాటులో అయిపోతుంది. పెన్‌డ్రైవ్‌కి కట్ చేసినప్పుడు మాత్రం కంప్యూటర్ ముందు నకలు రాసి, తర్వాత అసలుని చెరుపుతుంది. ఆ మధ్యలో పెన్‌డ్రైవ్ ఊడినా, అది పాడైనదైనా, నష్టపోయేది మీరే. పని అయిపోయిందని చటుక్కున లాగేయకుండా, కింద గడియారం పక్కనున్న గుర్తు మీద నొక్కి ఎజెక్ట్ చేసి తీయండి.

మౌస్‌తో పట్టి లాగేవాళ్లకి ఒక మాట. ఒకే డ్రైవ్‌లో లాగితే ఫైల్ తరలిపోతుంది, వేరే డ్రైవ్‌లోకి లాగితే కాపీ అవుతుంది. చేసే పని ఒకటే, జరిగేది రెండు రకాలు. నాకు ఇది ఇప్పటికీ నచ్చదు.

పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లాను, ప్రింటు షాపులో తెరుచుకోలేదు.

ఇది నాకే జరిగింది. చదువుకునే రోజుల్లో, ప్రాజెక్ట్ రిపోర్ట్ ఇవ్వాల్సిన ఆఖరిరోజు. డెస్క్‌టాప్ మీదున్న రిపోర్ట్ బొమ్మని (ఐకాన్‌ని) కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, బస్సెక్కి, ఎండలో నడిచి ప్రింటు షాపుకి వెళ్లాను. షాపబ్బాయి నొక్కాడు, ఏమీ రాలేదు. మళ్లీ నొక్కాడు. "అన్నా, ఇది షార్ట్‌కట్టు, ఫైల్ మీ ఇంట్లోనే ఉండిపోయింది" అన్నాడు.

డెస్క్‌టాప్ మీద బొమ్మకి ఎడమవైపు కింద చిన్న బాణం గుర్తుందంటే అది ఫైల్ కాదు, ఫైల్ ఉన్న ఇంటికి దారి చూపే బోర్డు. బోర్డుని పీక్కెళ్తే ఇల్లు వెంట రాదు కదా. అనుమానమొస్తే సైజు చూడండి. నలభై పేజీల రిపోర్టు 1 లేదా 2 కేబీ మాత్రమే ఉందంటే అది బోర్డే. దాని మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ అంటే అసలు ఫైల్ దగ్గరికి తీసుకెళ్తుంది. కాపీ చేయాల్సింది అక్కడ.

16 జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీగా ఉంది. 5 జీబీ పెళ్లి వీడియో పట్టడం లేదంటోంది.

చాలా పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్32 అనే పాత అమరికతో ఉంటాయి. అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు, ఎంత ఖాళీ ఉన్నా సరే. ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేస్తే పడుతుంది. ఫార్మాట్ చేస్తే లోపల ఉన్నవన్నీ పోతాయి కాబట్టి ముందు వాటిని వేరేచోట దాచుకోండి.

ఇందాక కాపీ చేసినవి మళ్లీ కావాలంటే దొరకవా?

దొరుకుతాయి. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి ఈ సౌకర్యం ఉంది. విండోస్ గుర్తున్న మీట పట్టుకుని వి నొక్కండి. మొదటిసారి ఆన్ చేయమంటుంది. అప్పట్నుంచి కాపీ చేసినవి 25 దాకా వరసగా కనిపిస్తాయి, కావలసినదాని మీద క్లిక్ చేస్తే పేస్ట్ అవుతుంది. కంప్యూటర్ ఆపి వేస్తే జాబితా పోతుంది, పిన్ చేసినవి (పక్కనున్న గుండుసూది గుర్తు నొక్కి అట్టిపెట్టుకున్నవి) మాత్రం ఉంటాయి. ఇంటి అడ్రసు, ఈమెయిల్ లాంటివి పిన్ చేసుకుంటే ఫారాలు నింపేటప్పుడు హాయి.

వెబ్‌సైట్‌లోంచి పేస్ట్ చేస్తే రంగులు, పెద్దక్షరాలు, లింకులు అన్నీ వస్తున్నాయి.

కంట్రోల్ + వి బదులు కంట్రోల్ + షిఫ్ట్ + వి కొట్టండి. బ్రౌజర్‌లో, గూగుల్ డాక్స్‌లో, కొత్త వర్డ్‌లో వట్టి అక్షరాలే వస్తాయి. పాత వర్డ్ అయితే ముందు నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి, అక్కడి నుంచి మళ్లీ కాపీ చేయండి. నోట్‌ప్యాడ్ రంగులూ హంగులూ అన్నీ వడగట్టేస్తుంది.

డీటీపీ వాళ్లిచ్చిన తెలుగు ఫైల్‌ని వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులొస్తున్నాయి.

తెలుగువాళ్లకి తప్పని తలనొప్పి ఇది, కాబట్టి కొంచెం వివరంగా.

మన ఊళ్లలో శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసే చాలా షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లు, పేజీలు కూర్చే పాత ప్రోగ్రాం పేజ్‌మేకర్ నడుస్తున్నాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ రాకముందటి పద్ధతివి. కంప్యూటర్ దృష్టిలో అక్కడ ఉన్నది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాలూ ఏవో గుర్తులూ. వాటికి అను ఫాంటు తెలుగు వేషం వేస్తుంది. మీరు కాపీ చేసినప్పుడు ఆ గుర్తులు వస్తాయి, వేషం రాదు. వాట్సాప్‌లో ఆ ఫాంటు ఉండదు కాబట్టి అసలు మొహం బయటపడుతుంది.

వాట్సాప్, ఫేస్‌బుక్, వార్తల సైట్లు వాడేది యూనికోడ్. అందులో "క" కి ప్రపంచమంతటా ఒకే సంఖ్య, ఫాంటు ఏదైనా "క" కయే. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చడానికి కన్వర్టర్లు ఉన్నాయి. అను నుంచి యూనికోడ్‌కి మార్చాక ఒత్తులు, అరసున్నలు ఓసారి కళ్లతో చూసుకోవాలి.

తిరగేసి చేసినా ఇదే గొడవ. వాట్సాప్‌లో వచ్చిన తెలుగుని పేజ్‌మేకర్‌లో పేస్ట్ చేస్తే ప్రశ్నార్థకాల వరస వస్తుంది. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలియదు. ఫొటోషాప్‌లో పేస్ట్ చేస్తే ఒత్తులు విడిపోయి పక్కకొచ్చి నిలబడితే, టైప్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ లేఅవుట్ అన్నది పెట్టుకోవాలి. శుభలేఖ మీద వరుడి పేరు "లక్ష్మణ్" ముక్కలైపోయి అచ్చయిందంటే, అది సాధారణంగా ఈ పేస్ట్ దగ్గర మొదలైన కథే.

పీడీఎఫ్‌లోంచి తెలుగు కాపీ అవ్వట్లేదు.

స్కాన్ చేసినదైతే అది ఫొటో, అందులో అక్షరాలే ఉండవు. అను ఫాంట్లతో చేసినదైతే పైన చెప్పిన పిచ్చి గుర్తులే వస్తాయి. స్కాన్ చేసినదానికి ఒక ఉపాయం ఉంది. ఆ ఫైల్‌ని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, రైట్ క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరవండి. అది బొమ్మని చదివి తెలుగు అక్షరాలుగా ఇస్తుంది. తప్పులుంటాయి, దిద్దుకోవాలి. అయినా మొత్తం టైప్ చేయడంకంటే నయం.

ఎక్సెల్‌లో ఆధార్ నంబర్లు పేస్ట్ చేస్తే మారిపోతున్నాయి.

ఎక్సెల్‌కి అంకెలు కనబడితే లెక్కలే గుర్తొస్తాయి. 12 అంకెల ఆధార్‌ని పేస్ట్ చేస్తే 1.23 తర్వాత ఇంగ్లీషు ఇ, ప్లస్ 11 లాంటి వింత రూపం చూపిస్తుంది. అది చూపు తేడానే, లోపల నంబర్ భద్రం. అసలు ప్రమాదం 15 దాటినప్పుడు. ఎక్సెల్ 15 అంకెలే గుర్తుంచుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబర్ పేస్ట్ చేస్తే చివరి అంకె సున్నా అయిపోతుంది. ముందున్న సున్నాలూ ఎగిరిపోతాయి.

తర్వాత సరిచేద్దామంటే కుదరదు, పోయిన అంకె పోయినట్టే. పేస్ట్ చేయకముందే ఆ నిలువు వరసని సెలెక్ట్ చేసి ఫార్మాట్‌ని టెక్స్ట్‌గా మార్చండి. అప్పుడు వట్టి అక్షరాలుగా పేస్ట్ చేయండి. డ్వాక్రా గ్రూపు సభ్యుల ఖాతాల జాబితా లాంటివి చేసేవాళ్లు ఇది గోడమీద రాసి పెట్టుకోవచ్చు.

మ్యాక్‌లో, ఫోన్‌లో కూడా ఇలాగేనా?

మ్యాక్‌లో కంట్రోల్ బదులు కమాండ్, మిగతా అక్షరాలు అవే. ఫైల్‌ని తరలించాలంటే కమాండ్ + సి కొట్టి, పేస్ట్ చేసేచోట కమాండ్ + ఆప్షన్ + వి. ఫోన్‌లో పదం మీద వేలు నొక్కిపట్టి ఉంచితే రెండు కొనల్లో పట్టుకునే గుర్తులొస్తాయి, వాటిని జరుపుకుని కాపీ.

బ్యాంకు సైట్‌లో ఖాతా నంబర్ పేస్ట్ అవ్వట్లేదు.

కావాలనే ఆపి ఉంటారు. రెండోసారి చేత్తో కొడితే తప్పు బయటపడుతుందని. ఓపిగ్గా కొట్టండి.

నెట్ సెంటర్‌లో కాపీ చేసిన నంబర్లు ఎవరైనా చూడగలరా?

చూడగలరు. మీరు లేచాక అదే కుర్చీలో కూర్చున్నవాళ్లు కంట్రోల్ + వి కొడితే మీరు చివరగా కాపీ చేసింది వస్తుంది. విండోస్ + వి ఆన్ చేసి ఉంటే అంతకుముందువీ కనిపిస్తాయి. పాస్‌వర్డ్‌లు అక్కడ కాపీ చేయకండి, చేత్తో కొట్టండి. లేచేముందు విండోస్ + వి తెరిచి క్లియర్ ఆల్ నొక్కండి, ఏదో ఒక మామూలు పదాన్ని కాపీ చేసి లేవండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో మీ ఆధార్ పీడీఎఫ్ ఉండిపోయిందేమో కూడా చూసుకోండి. జనం ఎక్కువ మర్చిపోయేది దాన్నే.

ఇంట్లో ఏం చేసి ప్రాక్టీస్ చేయాలి?

వర్డ్‌లో తెలుగు మాసాల పేర్లు పన్నెండూ, లైనుకొకటి, వరస తప్పించి రాయండి. కార్తీకం పైన, చైత్రం నడుమ, ఫాల్గుణం కింద శ్రావణం. ఇప్పుడు ఒక్క అక్షరం కూడా టైప్ చేయకుండా, కట్, పేస్ట్‌లతోనే చైత్రం నుంచి ఫాల్గుణం దాకా సరిచేయండి. మౌస్‌తో ఒకసారి, మౌస్ ముట్టకుండా ఒకసారి.

అయ్యాక లెక్కపెట్టండి. పదకొండే ఉంటే, ఒక మాసాన్ని కట్ చేసి, అది పేస్ట్ చేయకముందే ఇంకోదాన్ని కట్ చేశారన్నమాట. మా క్లాసులో ఎక్కువగా పోయేది మార్గశిరం. ఎందుకో నాకూ తెలీదు. కంట్రోల్ + జెడ్ కొడుతూ పోండి, ఎక్కడో ఒకచోట తిరిగొస్తుంది.